ఓవర్‌క్లాకింగ్ గురించి రాసేటప్పుడు రెండో సగం కూడా రాయండి

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో పైసా ఖర్చు లేకుండా కంప్యూటర్‌ని కంపెనీ పెట్టిన వేగం కంటే ఎక్కువ వేగంతో నడపడం, అంటే ఓవర్‌క్లాకింగ్, ఎలాగో అరపేజీ వేశారు. బయాస్‌లోకి (విండోస్ కంటే ముందు వచ్చే బోర్డు సెట్టింగుల తెర) ఎలా వెళ్ళాలి, ప్రాసెసర్ వేగాన్ని నిర్ణయించే మల్టిప్లయర్ ఎంత పెట్టాలి, వోల్టేజీ ఎంత పెట్టాలి, అన్నీ అంకెలతో సహా ఇచ్చారు. సేవ్ చేసి రీస్టార్ట్ చేస్తే చాలు, అంతే అని ముగించారు. ఆ ‘అంతే’ తర్వాత మా ఇంట్లో కథ సంక్రాంతి నుంచి మే నెల దాకా నడిచింది. అది చెబుదామనే ఈ ఉత్తరం. కాస్త పొడుగైంది. కత్తిరించడం మీ ఇష్టం గానీ అంకెలు మాత్రం మార్చకండి.

నేను కంప్యూటర్లు చదువుకున్నవాణ్ణి కాను. కరెంటు డిపార్ట్‌మెంట్‌లో హెల్పర్‌గా చేరి లైన్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యాను. ముప్పై నాలుగేళ్ళ సర్వీసు, చాలా వరకు ఈ శ్రీకాకుళం జిల్లాలోనే. కాపురం నరసన్నపేట. మా చిన్నోడు పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తాడు. మేడ మీద రేకుల గది వాడి ఆఫీసు. కంప్యూటర్ రెడీమేడ్‌గా కొనలేదు, విడిభాగాలు తెచ్చి తనే బిగించుకున్నాడు. రైజెన్ 5 3600 ప్రాసెసర్, దాంతోపాటు డబ్బాలో వచ్చిన చిన్న ఫ్యాను, బి450 బోర్డు, ఎనిమిదేసి జీబీల ర్యామ్‌లు రెండు. బిగించిన రోజున పసుపు కుంకుమ కూడా పెట్టాం.

ఆ ప్రాసెసర్ 2019 నాటిది. ఆరు కోర్లు, అంటే లోపల లెక్క చేసే భాగాలు ఆరు. పన్నెండు థ్రెడ్లు, అంటే ఒకేసారి నడిచే పనుల వరసలు పన్నెండు. కంపెనీ చెప్పిన వేగం 3.6 గిగాహెర్ట్జ్, పని తేలికగా ఉన్నప్పుడు తనంతట తనే 4.2 దాకా ఎక్కుతుంది, కోర్లన్నీ కష్టపడుతుంటే 4 దగ్గర నిలుస్తుంది. మావాడికి అది చాలలేదు. సంక్రాంతి సెలవుల్లో ఓ రాత్రి కూర్చుని, ఆరు కోర్లనీ 4.2 దగ్గర కట్టేసి, వోల్టేజీ 1.30 పెట్టాడు. అదే ఊపులో ర్యామ్ వేగాన్ని కూడా ఎక్స్‌ఎంపీ (ర్యామ్ తయారుచేసినవాళ్ళు ముందే రాసిపెట్టిన వేగం సెట్టింగు) ఆన్ చేసి 3200కి లేపాడు. పొద్దున్నే కిందికొచ్చి, “నాన్నా, ఎక్కించీసేను!” అన్నాడు. ఏటి ఎక్కించాడో నాకు అర్థం కాలేదు. భోగి పిడకల పనిలో ఉన్నాను.

జనవరిలో ఏ గొడవా లేదు. గేములు గంటల తరబడి ఆడాడు. మాఘంలో పెళ్ళిళ్ళు మొదలయ్యాక ఒక వీడియోలో సరిగ్గా జీలకర్ర బెల్లం దగ్గర తెర మీద ఆకుపచ్చ గడులు పడ్డాయి. మళ్ళీ రెండర్ చేస్తే, అంటే ఎడిట్ చేసినదాన్ని పూర్తి వీడియోగా మళ్ళీ తయారు చేయిస్తే, పోయాయి. సాఫ్ట్‌వేర్‌లో ఏదో లోపం అనుకుని వదిలేశాడు. నన్నడిగితే అసలు కేసు అక్కడే మొదలైంది. మేం ఎవరమూ పట్టించుకోలేదు.

మార్చి చివరికి రేకులు కాలడం మొదలయ్యాక అసలు రంగు బయటపడింది. రెండర్ మొదలెట్టిన ఇరవై నిమిషాలకో ఇరవై అయిదు నిమిషాలకో విండోస్ కూలినప్పుడు వచ్చే నీలం తెర. ఒకసారి ‘వియా అన్‌కరెక్టబుల్ ఎర్రర్’ (దిద్దుకోలేని హార్డ్‌వేర్ తప్పు) అంటుంది, ఒకసారి ‘మెమరీ మేనేజ్‌మెంట్’ అంటుంది, ఒకసారి ఏమీ అనకుండా కొయ్యబారిపోతుంది. పెళ్ళివారు ఫోన్ల మీద ఫోన్లు. వాడికి టెన్షన్, వాడి మొహం చూసి వాళ్ళమ్మకి టెన్షన్. “నాన్నా, మళ్ళీ పోనాది” అన్న మాట రోజుకి నాలుగుసార్లు వినేవాళ్ళం.

నా అలవాటు నేను పోనివ్వలేదు, ముందు కరెంటునే అనుమానించాను. మల్టీమీటర్ పట్టుకుని మేడ ఎక్కాను. ప్లగ్గులో 228 వోల్టులు, రెండర్ నడుస్తున్నప్పుడు కూడా పెద్దగా కదలలేదు. యూపీఎస్ తీసేసి చూశాం, పెట్టి చూశాం. తేడా లేదు. కానీ ఆ వెతుకులాటలో ఇంకోటి దొరికింది. క్యాబినెట్ మీద చెయ్యి వేస్తే సన్నగా జిల్లుమంటోంది. గదికి వైరింగ్ చేసినవాడు ఎర్త్ వైరు ప్లగ్గు దాకా తెచ్చి, పిన్నుకి బిగించకుండా వదిలేశాడు. ఎర్త్ లేకపోతే పవర్ సప్లయ్‌లోని ఫిల్టర్ కెపాసిటర్ల గుండా వచ్చే ఆ కొంచెం కరెంటు రేకు డబ్బా మీదే నిలుస్తుంది. నీలం తెరకి కారణం అది కాదు, అయినా ముందు అది బిగించాకే మిగతా పని ముట్టుకున్నాను. మీ పాఠకుల్లో ఎవరి క్యాబినెట్ అయినా అలా జిల్లుమంటే ఓవర్‌క్లాకింగ్ తర్వాత, ముందు ఎర్త్ చూసుకోండి.

తర్వాత వాణ్ణి కూర్చోబెట్టి అడిగాను, ఆ రాత్రి ఏమేం మార్చావని. మల్టిప్లయర్, వోల్టేజీ, ర్యామ్ వేగం. మూడూ ఒకే రాత్రి. “ఒరే, మూడు సెక్షన్లు ఒకేసారి చార్జ్ చేసి ఫీడర్ ట్రిప్ అయిందని ఏడిస్తే ఎక్కడని వెతుకుతాం?” అన్నాను. మా భాషలో చార్జ్ చేయడమంటే లైను ముక్కకి కరెంటు ఇవ్వడం, ఫీడర్ అంటే సబ్‌స్టేషన్ నుంచి బయల్దేరే లైను.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు నేను ఉద్దానం వైపు పనిలో ఉన్నాను. జీడితోటలు, కొబ్బరితోటలు లైన్ల మీద పడుకున్నాయి. అప్పుడు మేం చేసిందంతా ఒకటే పద్ధతి. ఏబీ స్విచ్‌లన్నీ (లైనుని ముక్కలుగా విడదీసే స్తంభాల మీది స్విచ్‌లు) ఓపెన్ చేసేయడం, సబ్‌స్టేషన్ దగ్గర్నుంచి ఒక్కో సెక్షన్ చార్జ్ చేసుకుంటూ రావడం. నిలిస్తే ముందుకి, ట్రిప్ అయితే తప్పు అక్కడే. కంప్యూటర్‌కి వేరే శాస్త్రం ఏం ఉంటుంది? బయాస్‌లో అన్నీ డిఫాల్ట్‌కి, అంటే కంపెనీ సెట్టింగుకి, తెచ్చేయమన్నాను. వాడు నసిగాడు, తెచ్చాడు. రాత్రంతా రెండర్లు నడిపితే ఒక్క తప్పూ రాలేదు. అంటే సామాను మంచిదే, తప్పు మనం పెట్టినదే.

ఇక ర్యామ్ ఒక్కటే 3200కి పెట్టి, పెన్‌డ్రైవ్ నుంచి ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రాం నడిపాం. రెండో విడతలోనే ఎర్రటి గీతలు. “ర్యామ్ పాడైపోనాది, షాపుకెళ్ళి మార్చీస్తాను” అని మావాడు బైకు తాళం తీశాడు. ఆగమని, రెండిట్నీ విడివిడిగా ఒక్కొక్కటే పెట్టి చూశాం. ఒక్కోటిగా రెండూ శుభ్రం! అప్పుడు బోర్డుతో వచ్చిన పుస్తకం వెతికాం. అట్టపెట్టెలో కవరు కూడా విప్పకుండా ఉంది. నాలుగు స్లాట్లలో రెండు ర్యామ్‌లే పెట్టేటప్పుడు ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండు, నాలుగులో పెట్టమని బొమ్మ వేసి మరీ ఉంది. మావాడు ఒకటి, మూడులో పెట్టాడు. మామూలు వేగంలో అది కూడా నడిచిపోతుంది. వేగం పెంచాక, ర్యామ్ దాటి ఖాళీ స్లాటు దాకా పోయే ఆ మిగులు లైను సిగ్నల్‌ని పాడు చేస్తుంది. మార్చి పెట్టి తెల్లారేదాకా నాలుగు విడతలు నడిపితే సున్నా తప్పులు. షాపువాడిది ఏ పాపమూ లేదు.

అక్కడ సంతోషించాల్సింది, కానీ ఆ రోజే ఇంకో సంగతి బయటపడింది. అంతకు నెల ముందు ఓ పెళ్ళిలో తీసినదంతా కెమెరా కార్డు నుంచి కంప్యూటర్‌లోకి కాపీ చేసి, కార్డు ఖాళీ చేసేశాడు. ఆ కాపీ అంతా ఈ తప్పుడు ర్యామ్ గుండానే పోయింది. అప్పగింతల క్లిప్ తెరిస్తే సగంలో చెడింది. ఏ సాఫ్ట్‌వేర్ వేసినా తిరిగి రాలేదు. కాపీ చేసేటప్పుడు నీలం తెర రాలేదు, హెచ్చరిక రాలేదు, ‘పూర్తయింది’ అనే వచ్చింది. పిల్ల తండ్రి నాకు తెలిసినవాడే. వాళ్ళింటికెళ్ళి డబ్బు తిరిగిచ్చాం. ఆయన ఒక్క మాట అనలేదు, లోపలికెళ్ళి టీ పెట్టమన్నాడు. ఆ టీ ఎలా తాగానో నాకే తెలుసు.

మీ వ్యాసంలో లేనిది ఇదే. వేగం ఎక్కువైతే కంప్యూటర్ ఆగిపోతుంది, మళ్ళీ ఆన్ చేసుకోవచ్చు అన్నట్టు రాశారు. ఆగిపోతే అదృష్టం. ఆగకుండా తప్పు లెక్క చేసి ఒప్పని రాసిపెట్టుకునేదాన్ని ఎవరు కనిపెడతారు?

ఇక ప్రాసెసర్. ర్యామ్ సరైన స్లాట్లలోనే ఉంచి, వేగం తగ్గించి, ప్రాసెసర్‌ని మాత్రం పాత 4.2 దగ్గర, 1.30 వోల్టుల దగ్గర పెట్టాం. ప్రైమ్95 అని ఒక ప్రోగ్రాం ఉంది. 1996 నుంచి ప్రపంచమంతా కలిసి పెద్ద పెద్ద ప్రధాన సంఖ్యలు వెతికే పని ఒకటి నడుస్తోంది, దాని కోసం చేసింది. దానికి జవాబులు ముందే తెలిసిన లెక్కలు ఇచ్చి, ప్రాసెసర్ చెప్పిన జవాబుతో పోల్చుకోమనవచ్చు. నాలుగు నిమిషాలు కాకముందే ఒక వరస ఆగిపోయింది. రౌండింగ్ తేడా 0.5 వచ్చింది, 0.4 కంటే తక్కువ రావాలి అని చెప్పింది. విండోస్ హాయిగా నడుస్తూనే ఉంది, మౌస్ కదులుతోంది, పాట కూడా మోగుతోంది. లోపల మాత్రం లెక్క తప్పింది.

తెర మీదే పక్క విండోలో వోల్టేజీ చూశాను. ఖాళీగా ఉన్నప్పుడు 1.30 ఉన్నది, లోడ్ పడగానే 1.24. నాకు నవ్వొచ్చింది. జీవితమంతా దీనితోనే కదా పడ్డాను. సబ్‌స్టేషన్ దగ్గర వోల్టేజీ నిండుగా ఉంటుంది, పదిహేను కిలోమీటర్ల అవతల కొస ఊళ్ళో మోటార్లన్నీ ఒక్కసారి వేస్తే బల్బు ఎర్రబడుతుంది. ఇక్కడ దూరం వేళ్ళ మీద కొలిచేదే, అయినా పదుల ఆంపియర్లు లాగితే అదే కథ. “నువ్వు ఇచ్చింది 1.30, దానికి అందింది 1.24” అన్నాను. మావాడు ఆ రోజు మొదటిసారి నేను చేసిన ఉద్యోగం గురించి రెండు ప్రశ్నలు అడిగాడు.

దీనికి మందు బయాస్‌లోనే ఉంది. లోడ్‌లైన్ కాలిబ్రేషన్ అంటారు, లోడ్ పడినప్పుడు వోల్టేజీ మరీ పడిపోకుండా నిలబెట్టే సెట్టింగు. బయటికిచ్చే వోల్టేజీ పెంచడానికి పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌కి ట్యాపు మార్చినట్టే అది. మావాడు వెంటనే అన్నిటికంటే పై మెట్టు పెట్టబోయాడు. కొస ఊరి కోసం ట్యాపు మరీ పైకి పెడితే అర్ధరాత్రి మోటార్లన్నీ ఆపేశాక దగ్గరి ఇళ్ళలో బల్బులు మాడిపోతాయి. ఇక్కడా అంతే, లోడ్ ఒక్కసారి దిగిపోయిన క్షణంలో వోల్టేజీ పైకి ఎగిరి దూకుతుంది, మీటర్‌లో అది కనపడను కూడా కనపడదు. నడిమి మెట్టు దగ్గర ఆపాం.

తప్పులు తగ్గాయి, పోలేదు. వేడి 94 డిగ్రీలు. ఈ ప్రాసెసర్‌కి పై హద్దు 95. అసలు లోపల జరిగేది ఏమిటంటే, 4.2 గిగాహెర్ట్జ్ అంటే లెక్కలో ఒక్కో అడుగుకి నానోసెకనులో నాలుగో వంతు కూడా లేదు. ఆ వ్యవధిలో కాంతి కూడా బెత్తెడు దూరం దాటదు. ఆలోపల లెక్కలోని ప్రతి స్విచ్చీ పడాల్సిన చోట పడి నిలవాలి. వోల్టేజీ పెంచితే త్వరగా పడతాయి, వేడెక్కితే బద్ధకిస్తాయి. వోల్టేజీ పెంచితేనేమో వేడి పెరుగుతుంది. పెరిగేది కూడా సమానంగా కాదు, వోల్టేజీ వర్గంతో. నోటుపుస్తకంలో వేసి చూపించాను. 1.20 వోల్టులు, 4.0 నుంచి 1.30 వోల్టులు, 4.2కి వెళ్తే వేగం పెరిగింది నూటికి అయిదు, వేడి నూటికి ఇరవైమూడు. ఆ వేడిని మోయాల్సింది డబ్బాలో ఊరికే వచ్చిన చిన్న ఫ్యాను, అదీ రేకుల గదిలో, ఏప్రిల్‌లో. సంక్రాంతికి నిలిచిన సెట్టింగు చైత్రానికి ఎందుకు కూలిందో అప్పుడు వాడికి తెలిసింది.

ఈ మధ్యలో ఓ రాత్రి నేను పడుకున్నాక 4.4 పెట్టి చూశాడు. తెర నల్లగానే ఉండిపోయింది, బయాస్ కూడా రాదు. అర్ధరాత్రి నన్ను లేపి, “కాలిపోనాదేటి?” అన్నాడు. కాలలేదు. పవర్ వైరు పీకేయించాను. తర్వాత పవర్ బటన్ రెండుమూడుసార్లు నొక్కి లోపల మిగిలింది ఖాళీ చేయించాను, మేం ఎల్సీ (లైను ఆపి పని చేయడానికి అనుమతి) తీసుకున్నాక ఎర్త్ రాడ్ తగిలించి లైను డిశ్చార్జ్ చేస్తామే, అలా. ఆపైన బోర్డు మీద ఉండే బిళ్ళ బ్యాటరీ, సీఆర్2032, తీసి పది నిమిషాలు ఆగి పెట్టాం. సెట్టింగులన్నీ మరిచిపోయి మామూలుగా లేచింది. ఈ ఒక్క ముక్కయినా మీ వ్యాసంలో ఉండాల్సింది సార్. ఎంతమంది పిల్లలు తెర నల్లబడగానే బోర్డు పోయిందనుకుని షాపుకి మోసుకెళ్తారో.

ఫ్యాను మార్చక తప్పలేదు. విశాఖ వెళ్ళి కాస్త పెద్ద టవర్ కూలర్ తెచ్చాడు. ప్రాసెసర్ వేడిని కూలర్‌కి అందించే పాత పేస్టు తుడిచి కొత్తది బఠాణీ గింజంత పెట్టి, మరలు ఒకదాని తర్వాత దాని ఎదురుది కొంచెం కొంచెంగా బిగించాం. పైసా ఖర్చు లేకుండా అన్న మాట అక్కడితో సరి. తర్వాత నోటుపుస్తకంలో గళ్ళు గీశాను, సబ్‌స్టేషన్ లాగ్‌షీట్‌లా. తేదీ, వేగం, పెట్టిన వోల్టేజీ, లోడ్‌లో కనపడ్డ వోల్టేజీ, ప్రాసెసర్ వేడి, గది వేడి, ఎన్ని నిమిషాలు నిలిచింది. ఒకసారికి ఒక్కటే మార్పు, 25 మెగాహెర్ట్జ్ చొప్పున. విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ అని ఉంటుంది, తెర నీలం కాకుండానే దిద్దుకున్న చిన్న చిన్న హార్డ్‌వేర్ తప్పులు కూడా ‘వియా లాగర్’ పేరుతో అందులో రాసి ఉంటాయి. రోజూ అదీ చూసేవాళ్ళం. అది శుభ్రంగా లేకపోతే టెస్ట్ పాసైనా నేను ఒప్పుకోలేదు.

చివరికి 4.1 దగ్గర, 1.25 వోల్టులతో, 78 డిగ్రీల వేడితో ఎనిమిది గంటలు నిలిచింది. గది వేడి అప్పుడు 31. మావాడు గెలిచేశాం అన్నాడు. మే రెండో వారం గది 38కి చేరగానే మూడో గంటలో మళ్ళీ ఒక వరస ఆగింది. 4.05కి దించాం, నిలిచింది. అప్పుడు ఒకే పెళ్ళి వీడియోని రెండు రకాలుగా రెండర్ చేయించాను. కంపెనీ సెట్టింగుతో 52 నిమిషాలు. మా సెట్టింగుతో 51. పైగా చెయ్యి పెట్టి వేగం కట్టేశాక తేలిక పనుల్లో తనంతట తను 4.2కి ఎక్కే గుణం ఈ ప్రాసెసర్‌లో పోతుంది, కాబట్టి సాఫ్ట్‌వేర్ తెరవడం లాంటివి కాస్త నెమ్మదించాయి కూడా. వాళ్ళమ్మ కింద నుంచి, “ఆ ఒక్క నిమిషానికేనా ఇన్నాళ్ళు అన్నం చల్లారబెట్టుకుని తిన్నారు?” అంది. ఇద్దరం జవాబు చెప్పలేదు.

ఓవర్‌క్లాకింగ్ తప్పని నేను అనడం లేదు. పిల్లలు చెయ్యాలి, యంత్రం గురించి అంత బాగా నేర్పేది ఇంకోటి లేదు. మీరు అచ్చు వేసిన అంకెల మీదే నా పేచీ. ఒకే గెలలో కాసిన కొబ్బరికాయలు కొడితే ఒకదాంట్లో నిండా నీళ్ళు, ఒకదాంట్లో సగం. ఒకే పేరున్న ప్రాసెసర్లూ అంతే, ఒకటి 1.25కే నిలిచిన వేగానికి ఇంకొకటి 1.35 అడుగుతుంది. ఎవరి అంకెలు వాళ్ళు వెతుక్కోవాలి. ఓవర్‌క్లాకింగ్ వల్ల పాడైతే వారంటీ వర్తించదన్నది కూడా మీరు రాయలేదు. కాబట్టి వచ్చే ఆదివారం ఇంకో అరపేజీ వేయండి. ముందు డిఫాల్ట్‌లో పరీక్షించడం, ర్యామ్‌నీ ప్రాసెసర్‌నీ వేరువేరుగా చూడడం, వేడి ఎక్కడ ఆగాలో, నల్ల తెర వస్తే ఏం చెయ్యాలో, ముఖ్యంగా పరీక్షలు నడిచే రోజుల్లో ఊరివాళ్ళ ఫైళ్ళు ఆ కంప్యూటర్‌లో పెట్టకూడదని రాయండి. మన వైపు ఎండాకాలంలో ఒకసారి మళ్ళీ పరీక్షించాలని కూడా. రాసేవాళ్ళు దొరక్కపోతే మా లాగ్‌షీట్ కాపీ పంపుతాను.

మావాడిప్పుడు ఒక ఒప్పందానికి వచ్చాడు. ముహూర్తాలున్న నెలల్లో కంప్యూటర్ కంపెనీ సెట్టింగులోనే ఉంటుంది, కార్డులు డెలివరీ అయ్యేదాకా ఖాళీ చెయ్యడు. ఆషాఢంలో ఎలాగూ పెళ్ళిళ్ళుండవు, ఆ నెల మాత్రం వాడిష్టం. మొన్న ఆషాఢం రాగానే నోటుపుస్తకం తనే అడిగి తీసుకున్నాడు.

నా పేరు మాత్రం వేయకండి. ఊళ్ళో వాళ్ళు చదివితే మావాడి బేరాలు పోతాయి.

ఇట్లు,
రిటైర్డ్ లైన్ ఇన్‌స్పెక్టర్,
నరసన్నపేట, శ్రీకాకుళం జిల్లా.